పెద్ద తూటాకు తగ్గ ప్రెస్: రాక్ చకర్ సుప్రీమ్‌తో తొమ్మిదేళ్లు

ఆర్‌సీబీఎస్ వాళ్ల రాక్ చకర్ సుప్రీమ్, అంటే కాల్చిన తూటా గొట్టాలను మళ్లీ నింపుకోవడానికి (రీలోడింగ్) వాడే చేతి ప్రెస్, నా బల్ల మీదికి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో దానితో చేసిన పని దాదాపు అంతా ఒకే తూటాకు: .375 హెచ్ అండ్ హెచ్ మ్యాగ్నమ్ (.375 అంటే బుల్లెట్ మందం, అంగుళాల్లో). 1912లో హాలండ్ అండ్ హాలండ్ వాళ్లు తెచ్చిన పొడవాటి తూటా ఇది. అడుగున ఇత్తడి బెల్టు ఉంటుంది, మూతి వైపు సన్నబడే భుజం ఏటవాలుగా జారి ఉంటుంది. ఆఫ్రికాలో చాలా దేశాలు అడవిదున్న లాంటి ప్రమాదకరమైన జంతువుల వేటకు కనీసం ఈ సైజైనా ఉండాలని పెట్టుకున్నాయి. చిన్న రైఫిళ్లకు రీలోడ్ చేసేవాళ్లు ఈ ప్రెస్ గురించి చాలానే రాశారు. ఇంత పెద్ద కేసు పెట్టి ఏళ్ల తరబడి నడిపితే ఎలా ఉంటుందో చెప్పినవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు. అందుకే ఈ రివ్యూ.

ముందు మాటలు సరిచూసుకుందాం. మనం అన్నిటినీ బుల్లెట్ అనేస్తాం. ఈ పనిలో అలా కుదరదు. ఇత్తడి గొట్టం కేసు. దాని అడుగున నిప్పు పుట్టించేది ప్రైమర్. లోపల పోసేది మందు. మూతిలో కూర్చునేది మాత్రమే బుల్లెట్. నాలుగూ కలిస్తే ఒక రౌండ్. కాల్చాక మిగిలిన ఖాళీ కేసును మళ్లీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, మందు, బుల్లెట్ పెట్టుకోవడమే హ్యాండ్‌లోడింగ్. మందుకూ ప్రైమర్లకూ ఎక్కడికక్కడ చట్టాలున్నాయి, కొన్నిచోట్ల ఇంట్లో ఈ పని చేయడానికే వీల్లేదు. లైసెన్సు సంగతి తేల్చుకున్నాకే మిగతాది.

ఇంత శ్రమ ఎందుకంటే, ఈ సైజులో ఫ్యాక్టరీ రౌండ్లు చాలా ఖరీదు. ఖరీదైనప్పుడు మనిషి ఆచితూచి కాలుస్తాడు. భుజాన్ని గట్టిగా తన్నే రైఫిల్‌తో సాధన తగ్గితే, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకుపోవడం, చెయ్యి గుంజడం అలవాటైపోతుంది. అలా పోయిన నా షాట్ ఒకటి ఒక జంతువును చంపకుండా గాయపరిచింది. దాని నెత్తుటి చుక్కలు పట్టుకుని చీకటి పడేదాకా తిరిగాం, దొరకలేదు. మర్నాడు ఉదయం దొరికింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆ సీజను అయిపోగానే రీలోడింగ్ సామాను కొనడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఏడాదికి నూట యాభై రౌండ్ల దాకా సాధనలోనే కాలుస్తాను. వేటకు తీసుకెళ్లేవి పాతిక కూడా ఉండవు.

మొదట కొన్నది ఈ ప్రెస్ కాదు. తేలికపాటి అల్యూమినియం ప్రెస్, ముందువైపు తెరిచి ఉండే ఇంగ్లిష్ 'C' ఆకారం ఫ్రేమ్‌ది. చిన్న కేసులకు అది బాగానే పనిచేసింది. .375 కేసు పెట్టి హ్యాండిల్ కిందికి నొక్కినప్పుడు మాత్రం ఫ్రేమ్ కొద్దిగా నోరు తెరుచుకున్నట్టయ్యేది. కంటికి కనబడేంత కాదు. కాలిపర్‌తో కొలిస్తే తెలిసేది: ఒకే డై (కేసును నొక్కి కొలతకు తెచ్చే ఉక్కు అచ్చు), ఒకే సెట్టింగ్, అయినా ఒక కేసు భుజానికీ ఇంకో కేసు భుజానికీ అంగుళంలో వెయ్యో వంతులు నాలుగైదు తేడా. డైలో ఇరుక్కోకుండా కేసుకు నూనె రాస్తాం. నూనె ఎక్కువ పట్టిన కేసు లోపలికి ఎక్కువ వెళ్లేది, తక్కువ పట్టింది తక్కువ వెళ్లేది. రైఫిల్లో రౌండ్‌ను లోపలికి తోసి మూసే బోల్టు కొన్ని రౌండ్లకు సాఫీగా మూసుకునేది, కొన్నిటికి అరచేత్తో నొక్కాల్సి వచ్చేది. ఎదురుగా పెద్ద జంతువు ఉన్నప్పుడు బోల్టు మూసుకోకపోతే ఏమవుతుందో ఆలోచిస్తే టెన్షన్ వచ్చేది.

రాక్ చకర్ ఫ్రేమ్ పోత ఇనుము, చుట్టూ మూసి ఉన్న ఇంగ్లిష్ 'O' ఆకారం. కేసును డైలోకి తోసే కడ్డీని ర్యామ్ అంటారు, అది అంగుళం మందం. హ్యాండిల్‌కూ ర్యామ్‌కూ మధ్య కీలు లివర్లు ఉండటం వల్ల, నొక్కుడు చివర్లో మన బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అదే కేసులు, అదే డై ఈ ప్రెస్‌లో పెట్టి ఇరవై కేసులు వరసగా సైజింగ్ చేసి (డైతో నొక్కి కొలతకు తెచ్చి) కొలిచాను. భుజాల మధ్య తేడా ఒక్క వెయ్యో వంతుకు మించలేదు. ఆ సాయంత్రమే పాత ప్రెస్ బల్ల మీంచి విప్పేశాను.

రెండో లాభం ఫ్రేమ్ మధ్య ఖాళీ. .375 కేసు ఒక్కటే 2.850 అంగుళాల పొడవు, బుల్లెట్‌తో కలిపితే గరిష్ఠంగా 3.600 అంగుళాలు. అంత పొడవు తూటాలో బుల్లెట్ కూర్చోబెట్టాలంటే, ర్యామ్ కిందికి దించినప్పుడు కేసూ, దాని మూతిలో నిలబెట్టిన బుల్లెట్టూ, వాటిని పట్టుకున్న రెండు వేళ్లూ ఆ ఖాళీలో పట్టాలి. పాత రాక్ చకర్ కంటే సుప్రీమ్‌లో ఈ ఖాళీ పెంచారు. వేళ్లు నలిగే భయం లేకుండా బుల్లెట్‌ను నిటారుగా పట్టుకుని డై లోపలికి పంపొచ్చు. పేరు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆర్‌సీబీఎస్ అంటే రాక్ చక్ బుల్లెట్ స్వేజ్. కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో 1943లో ఫ్రెడ్ హంటింగ్టన్ ఈ కంపెనీ పెట్టాడు. రాక్ చక్ అంటే అక్కడి కొండరాళ్ల మధ్య ఉండే ఒక ఉడుత జాతి జంతువు. దాని వేటకు చిన్న బుల్లెట్లు తయారుచేసే డైలతో మొదలైన కంపెనీ ప్రెస్, ఇవాళ నా చేతిలో ఇంత పెద్ద కేసును మోస్తోంది.

ఈ ప్రెస్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది హ్యాండిల్ చేతికి చెప్పే కబురు. డై లోపలికి కేసు వెళ్తున్నప్పుడు ఇత్తడి ఎలా ఒదుగుతోందో అరచేతికి తెలుస్తుంది. నూనె సరిగా పట్టిన కేసు వెన్నలో కత్తి దిగినట్టు వెళ్తుంది. నూనె చాలకపోతే సగం దూరంలోనే బిగుసుకుంటుంది, చిన్న కిరుకు శబ్దం వస్తుంది. నాకు ఈ పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే చెప్పాడు: "కిరుక్కుమంటే ఆపెయ్ బాబూ. వెనక్కి తీసి మళ్లీ నూనె రాయి. దాంతో బలం చూపించకు."

ఆ మాట ఒక్కసారి వినలేదు. స్ప్రే నూనె కొట్టిన కేసులు అవి. ఆ నూనె స్పిరిట్‌లో కలిపి ఉంటుంది. స్పిరిట్ ఆరిపోయాకే నూనె పని మొదలవుతుంది, అందుకు కొన్ని నిమిషాలు ఆగాలి. తొందరలో తడి ఆరకముందే మొదటి కేసు ఎక్కించాను. సగం దాకా వెళ్లి బిగుసుకుంది. చేతిలో లివరు ఉంది కదా అని ఇంకొంచెం నొక్కాను. మొత్తం వెళ్లింది, తిరిగి రాలేదు. హ్యాండిల్ పైకి ఎత్తితే, కేసు అడుగును పట్టి ఉంచే షెల్ హోల్డరు కేసు అంచును చీల్చుకుని ఒక్కటే కిందికి వచ్చింది. కేసు డైలోనే మిగిలిపోయింది. ఇంత బలమున్న ప్రెస్‌తో వచ్చే చిక్కు ఇది. చిన్న ప్రెస్ అయితే ముందే మొరాయించి ఆపేది.

దాన్ని తీయడానికి ఇరుక్కున్న కేసులు లాగే కిట్ ఒకటి కొన్నాను. డైలో పాత ప్రైమర్‌ను తోసేసే డీక్యాపింగ్ కడ్డీని వీలైనంత పైకి తిప్పి, ప్రైమర్ గుంటలోంచి డ్రిల్ వేసి, ఆ రంధ్రంలో మర కోశాను. కేసు అడుగు మీద గిన్నె లాంటి ముక్క బోర్లించి, దాని మధ్యలోంచి బోల్టు దింపి స్పానర్‌తో తిప్పుతూ పోతే, వెంట్రుకవాసి చొప్పున కేసు బయటికి వచ్చింది. డై గోడ మీద గీత పడలేదు, అదృష్టం. అప్పట్నించీ లానోలిన్ కలిసిన నూనెను వేలికొసతో రాస్తాను, లేదా స్ప్రే కొట్టి పక్కన పెట్టి ఆ వ్యవధిలో వేరే పని చూసుకుంటాను. భుజం దగ్గర నూనె ఎక్కువైతే అది పోయే దారి లేక ఇత్తడి మీద సొట్టలు పడతాయి. కాబట్టి ఒళ్లంతా పల్చగా, భుజం దగ్గర ఇంకా పల్చగా. మూతి లోపల కూడా కొంచెం పట్టించాలి, లేకపోతే మూతిని లోపలినుంచి వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ గుండు పైకి వచ్చేటప్పుడు కీచుమంటూ మెడను సాగదీస్తుంది.

ఇప్పుడు బెల్టు. పెద్ద బోరు రీలోడింగ్‌లో ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. డైతో వచ్చే కాగితంలో సాధారణంగా, డైని షెల్ హోల్డర్‌కు తగిలేదాకా దించి ఇంకో పావు చుట్టు తిప్పమని ఉంటుంది. .375 రైఫిల్ చాంబర్లో, అంటే రౌండ్ కూర్చునే గూట్లో, కేసును బెల్టే ఆపుతుంది కాబట్టి, భుజాన్ని ఎంత వెనక్కి తోసినా రౌండ్ పేలుతుంది. పేలినప్పుడు ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా వెళ్తుంది. ఆ ఒత్తిడికి కేసు భుజం ముందుకు పరిగెత్తి చాంబర్ గోడను తాకుతుంది. అడుగేమో బోల్టుకు ఆని ఉంటుంది. మధ్యలో, బెల్టుకు కొంచెం పైన, ఇత్తడి సాగి పల్చబడుతుంది. మళ్లీ సైజింగ్, మళ్లీ కాల్పు, ఇంకొంచెం పల్చన. కొన్ని కాల్పులకే కేసు రెండు ముక్కలవుతుంది, ముందు ముక్క చాంబర్లోనే ఉండిపోతుంది.

నా మొదటి బ్యాచ్ కేసుల్లో నాలుగో కాల్పు తర్వాత బెల్టుకు పైన సన్నటి మెరిసే గీత కనబడింది. పేపర్ క్లిప్‌ను సాగదీసి, కొసను చిన్న కొక్కెంలా వంచి, అరగదీసి పదును పెట్టాను. దాన్ని కేసు లోపలి గోడ వెంట అడుగుదాకా దించి మెల్లగా పైకి లాక్కుంటూ వచ్చాను. సరిగ్గా ఆ గీత ఉన్నచోట కొస టక్కున ఆగింది. లోపల గాడి పడింది. వేలితో ఎంత తడిమినా బయట ఏమీ తెలియదు, తీగకు తెలిసిపోయింది. ఆ బ్యాచ్‌లో పదకొండు కేసుల్లో గాడి దొరికింది. అన్నిటినీ సుత్తితో అణిచి తుక్కులో పడేశాను, పొరపాటున కూడా మళ్లీ చేతికి రాకూడదని.

ఇప్పుడు డైని కాగితం చెప్పినట్టు దించను. మొదట పైనే ఉంచి, కొంచెం కొంచెంగా దించుతూ ప్రతిసారీ కేసును రైఫిల్లో పెట్టి చూస్తాను. అందుకోసం రైఫిల్ బోల్టులోంచి ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ విప్పేస్తాను, స్ప్రింగు బిగువు లేకపోతే కేసు తాకిడి ఒక్కటే చేతికి తెలుస్తుంది. బోల్టు హ్యాండిల్ తన బరువుకు తానే కిందికి వాలేదాకా దించి, అక్కడ లాక్ రింగు బిగిస్తాను. అంటే కాల్చిన కేసు భుజం వెయ్యో వంతులు రెండు మాత్రమే వెనక్కి వెళ్తుంది. ఇక్కడే రాక్ చకర్ విలువ తెలుస్తుంది. ఫ్రేమ్ వంగే ప్రెస్‌లో ఇంత సన్నటి సెట్టింగ్ నిలబడదు. ఇప్పుడున్న బ్యాచ్ ఏడో కాల్పు దాటింది, తీగ ఎక్కడా ఆగలేదు. వేటకు మాత్రం ఒక్కసారే కాల్చిన కేసులు వాడతాను, అందులో పొదుపేమీ చూసుకోను.

బుల్లెట్ కూర్చోబెట్టడం ఈ ప్రెస్‌లో హాయిగా ఉంటుంది. నేను వాడేది 300 గ్రెయిన్ల బుల్లెట్, అంటే పంతొమ్మిది గ్రాములు దాటుతుంది. సగం దాకా దించి, రౌండ్‌ను సగం చుట్టు తిప్పి, మిగతా సగం దించుతాను. బుల్లెట్ ఒరగకుండా కూర్చుంటుందని నా నమ్మకం. క్రింప్ అంటే కేసు మూతిని బుల్లెట్ నడుము గాడిలోకి నొక్కడం. అది విడిగా, చివర్లో చేస్తాను. రెండూ ఒకేసారి చేస్తే బుల్లెట్ ఇంకా దిగుతుండగానే మూతి బిగుసుకుని భుజం ఉబ్బుతుంది. అలా ఉబ్బిన రౌండ్ చాంబర్లోకి పోదు.

చిన్న రైఫిళ్లలో క్రింప్ ఉన్నా లేకపోయినా నడుస్తుంది. ఇక్కడ నడవదు. ఒకసారి క్రింప్ లేకుండా చేసిన రౌండ్లలో ఒకదానికి స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి, మ్యాగజైన్ అడుగున ఉంచి, పైనున్న మూడు కాల్చాను. చుక్క పెట్టినదాన్ని బయటికి తీసి కొలిస్తే అంగుళంలో వందో వంతులు మూడు పొట్టిదైంది. రైఫిల్ తన్నినప్పుడల్లా మ్యాగజైన్ ముందు గోడకు ముక్కు కొట్టుకుని బుల్లెట్ కేసులోకి దిగిపోతోంది. అలా దిగితే లోపల ఖాళీ తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. క్రింప్ అన్నిటికీ ఒకేలా పడాలంటే కేసులన్నీ ఒకే పొడవుండాలి, కాబట్టి ప్రతి కేసునూ 2.840 అంగుళాలకు కత్తిరించాల్సిందే. నాకు విసుగు పుట్టించే పని అదొక్కటే. అయినా ఎగ్గొట్టను.

ప్రైమర్లు కూర్చోబెట్టే ఏర్పాటు ప్రెస్‌తోనే వస్తుంది. నేను వాడను, చేత్తో నొక్కే చిన్న ప్రైమింగ్ టూల్ వాడతాను. ప్రైమర్ గుంట అడుగును తాకిన క్షణం బొటనవేలికి తెలియాలి, అంత పెద్ద లివరుకు అది తెలియదు. తర్వాత ప్రతి కేసు అడుగునా వేలు రాసి చూస్తాను. ప్రైమర్ మట్టం కంటే వెంట్రుకవాసి లోపలికే ఉండాలి, పైకి తగలకూడదు.

మందు తూకం ప్రెస్ పని కాదు కానీ ఇక్కడ చెప్పకుండా ఉండలేను. తూకం గ్రెయిన్లలో. ఒక పౌండుకు 7,000 గ్రెయిన్లు, ఒక గ్రాముకు పదిహేను పైచిలుకు. నేను మొదట కొన్న డిజిటల్ త్రాసు పక్క గదిలో ఫ్యాను వేసినా కదిలేది. ఒకరోజు పది చార్జీలు (చార్జీ అంటే ఒక రౌండ్‌లో పోసే మందు) తూచాక పరీక్ష బరువు పెట్టి చూస్తే 0.4 గ్రెయిన్ల తేడా చూపించింది. పదింటినీ డబ్బాలోకి తిరగ్గొట్టి, ఆ రోజుకు పని ఆపేశాను. తర్వాత దండె ఉన్న పాతకాలం త్రాసు కొన్నాను. నెమ్మదిగా తేలుస్తుంది, అయితే సాయంత్రం చూపించిందే మర్నాడు పొద్దున కూడా చూపిస్తుంది.

బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా ఉండాలి. ఎంత పోయాలో మందు కంపెనీ లేదా బుల్లెట్ కంపెనీ అచ్చేసిన తాజా మాన్యువల్ చెప్పాలి, స్నేహితులు చెప్పకూడదు. అందులోని మొదటి అంకెతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి వెళ్లాలి. ఈ తూటాలో వాడే నెమ్మదిగా కాలే మందులను మాన్యువల్ కంటే తగ్గించి పోయడం కూడా ప్రమాదమే. తన్ను తగ్గుతుందని తోచినట్టు తగ్గించేవాళ్లను చూశాను, వద్దని బతిమాలాను. తక్కువ మందు కేసులో అడ్డంగా పరుచుకుని కాలినప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా ఎగసి తుపాకి దెబ్బతిన్న సందర్భాలున్నాయి. తన్ను తగ్గాలంటే తేలికపాటి బుల్లెట్‌కు మాన్యువల్ ఇచ్చిన లెక్కే చూసుకోండి. చలికాలంలో గరిష్ఠం దాకా తెచ్చుకున్న లోడును ఎండాకాలం వేటకు అలాగే తీసుకెళ్లొద్దు. చాలా మందులు వేడికి ఒత్తిడి పెంచుతాయి. బోల్టు ఎత్తడం బరువుగా మారి, కాల్చిన కేసు బయటికి రానని మొండికేస్తుంది.

ప్రెస్‌కు మళ్లీ వస్తాను. బల్ల గట్టిదై ఉండాలి. నా మొదటి బల్ల పలక సన్నం. .375 కేసు బయటికి లాగేటప్పుడు బల్ల ముందు అంచు పైకి లేచేది, త్రాసు ముల్లు ఊగేది. ఇప్పుడు రెండంగుళాల మందం పలక, కింద ఇనుప పట్టీ, దాంట్లోంచి బోల్టులు. త్రాసు వేరే బల్ల మీద. డైలు మామూలు అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతుల మరవే సరిపోతాయి, ఏ కంపెనీవైనా ఎక్కుతాయి. గంటకు వందల రౌండ్లు కావాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు, హ్యాండిల్ కిందికి నొక్కిన ప్రతిసారీ ఒక్క పనే అవుతుంది. వాళ్లు ఒక్క నొక్కుడుకు అన్ని పనులూ చేసే ప్రోగ్రెసివ్ ప్రెస్ చూసుకోవాలి. ఏడాదికి వందో రెండొందలో రౌండ్లు, ప్రతిదీ చేతిమీదుగా పోవాలి అనుకునేవాళ్లకు ఇంతకంటే అడగాల్సిందేమీ లేదు.

నిర్వహణ తక్కువే. పాత ప్రైమర్లతో పాటు రాలే నల్లటి మసి ర్యామ్ మీద పడి ఇసుకలా అరగదీస్తుంది. ప్రతి యాభై కేసులకు ఒకసారి గుడ్డతో తుడిచి, రెండు చుక్కల నూనె వేస్తాను. ఆ మసిలో సీసం ఉంటుంది. గుడ్డను విడిగా మూతున్న డబ్బాలో వేస్తాను, చేతులు సబ్బుతో కడిగాకే బయటికి వస్తాను, పని జరుగుతున్నంతసేపూ కళ్లద్దాలు తీయను.

ఈ సీజనుకు ఇరవై నాలుగు రౌండ్లు చేసి పెట్టాను. ఫైరింగ్ పిన్ తీసిన బోల్టుతో ఒక్కొక్కటీ మ్యాగజైన్ లోంచి చాంబర్లోకి పంపి చూశాను. ఇరవై మూడు సాఫీగా వెళ్లాయి. ఇరవై నాలుగోది మూతి దగ్గర చిన్న సొట్ట వల్ల కొంచెం పట్టింది. దాన్ని సాధన డబ్బాలోకి మార్చి, రేపు దాని స్థానంలో ఇంకోటి చేయాలి.